పైన అటకలో పాట, కింద విందు

శనివారం. మధ్యాహ్నం దాకా ఉక్క, ఆ తర్వాత చినుకులు.

పొద్దున కాఫీతో పాటు అమెరికా హెవీ మెటల్ రాక్ బ్యాండు రాట్ 1984లో చేసిన 'రౌండ్ అండ్ రౌండ్' పాట వీడియో పెట్టుకున్నాను, సౌండు కట్టేసి. ఎడిటర్ ఎక్కడ కోశాడో, ఎందుకు కోశాడో తెలియాలంటే మ్యూజిక్ వీడియోని మొదట మూగగానే చూడాలి. పాట వినపడుతుంటే చెవి కంటిని లాక్కుపోతుంది. కోత ఉన్నట్టే తెలియదు.

కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. పెద్ద బంగళా, పొడుగాటి టేబులు చుట్టూ డబ్బున్నవాళ్ళ విందు. పైన అటకలో బ్యాండు వాయిస్తూ ఉంటుంది. సోలో (గిటారు ఒంటరిగా ముందుకొచ్చే భాగం) వచ్చేసరికి గిటారిస్టు వారెన్ డిమార్టిని సీలింగు బద్దలు చేసుకుంటూ వచ్చి టేబులు మీద పడి, అక్కడే నిలబడి వాయిస్తాడు. విందు చెదిరిపోతుంది. ఇంటాయన వేషమూ, నగలు వేసుకున్న పెద్దావిడ వేషమూ రెండూ మిల్టన్ బర్ల్‌వే.

ఈ బర్ల్ ఎవరో తెలియకపోతే వీడియోలో సగం హాస్యం పోతుంది. 1908లో పుట్టిన మనిషి. 1948లో 'టెక్సాకో స్టార్ థియేటర్'తో అమెరికా టీవీకి తొలి పెద్ద తార అయ్యాడు, 'మిస్టర్ టెలివిజన్' అని పేరు. ఆడవేషం కట్టి నవ్వించడం ఆయన పాత సొత్తు. 1984లో గుబురు జుట్టు కుర్రాళ్ళ వీడియోలోకి ఎలా వచ్చాడంటే, బ్యాండు మేనేజరు మార్షల్ బర్ల్ ఆయనకు సొంత అన్నదమ్ముల కొడుకు. ఈ మార్షల్ అంతకుముందు వాన్ హేలెన్ వ్యవహారాలు చూసినవాడే. చుట్టరికంతో దొరికిన నటుడే అయినా లెక్క మాత్రం గట్టి లెక్క: పిల్లలు పెట్టిన మ్యూజిక్ వీడియోల చానెల్ ఎమ్‌టీవీ ముందునుంచి వెళ్తున్న తండ్రి కూడా బర్ల్ మొహం చూసి ఓ క్షణం ఆగుతాడు. ఆ రోజుల్లో మెటల్ బ్యాండుకి తండ్రుల దగ్గర దొరకని క్షణం అది.

దర్శకుడు డాన్ లెట్స్. లండన్ పంక్, రెగె సంగీతాల లోకం నుంచి వచ్చినవాడు. 1982లో ద క్లాష్ బ్యాండుకి 'రాక్ ద కాస్బా', మ్యూజికల్ యూత్ బ్యాండుకి 'పాస్ ద డచీ' వీడియోలు తీశాడు. తోలుబట్టలనీ గొలుసులనీ చూసి ఆయనకి భయమూ లేదు, భక్తీ లేదు. లాస్ ఏంజలస్ మెటల్ వీడియోలు చాలావాటిలో లేని వెటకారం దీనిలో ఉండటానికి అదే కారణమని నా అభిప్రాయం.

కాలం కూడా కలిసొచ్చింది. 1983 నవంబరులో క్వైట్ రయట్ బ్యాండు ఆల్బమ్ 'మెటల్ హెల్త్' బిల్‌బోర్డ్ పత్రిక ఆల్బమ్‌ల పట్టీలో ఒకటో స్థానానికి ఎక్కింది. మెటల్ ఆల్బమ్‌కి ఆ స్థానం దొరకడం అదే మొదలు. ఆ దెబ్బతో లాస్ ఏంజలస్‌లో ఈ బ్యాండ్లు వాయించే సన్‌సెట్ స్ట్రిప్ వీధి క్లబ్బుల వైపు పెద్ద కంపెనీల చూపు తిరిగింది. రాట్ అప్పటికి 1983లో ఒక ఈపీ (కొద్ది పాటల చిన్న రికార్డు) మాత్రమే వేసింది. అట్లాంటిక్ కంపెనీ తీసుకుంది, బో హిల్ నిర్మాత, రికార్డింగు లాస్ ఏంజలస్‌లోని విలేజ్ రికార్డర్‌లో. 1984లో 'ఔట్ ఆఫ్ ద సెల్లర్' ఆల్బమ్ వచ్చింది. ఈ పాట సింగిల్‌గా బిల్‌బోర్డ్ హాట్ 100లో 12 దాకా వెళ్ళింది, ఆల్బమ్ 7 దాకా. పాట రాసింది ముగ్గురు: గాయకుడు స్టీఫెన్ పియర్సీ, గిటారిస్టులు డిమార్టిని, రాబిన్ క్రాస్బీ. బేస్ హువాన్ క్రూసియే, డ్రమ్స్ బాబీ బ్లాట్జర్.

ఇక ద్విపాత్రాభినయం. ఒకే మనిషిని ఒకే ఫ్రేములో ఇద్దరిగా చూపించాలంటే ఫిల్ము రోజుల్లో మాస్క్ షాట్ కావాలి: కెమెరాని కదలకుండా బిగించి, లెన్సు ముందు సగం మూసి ఒక వేషం తీసి, ఫిల్ముని అదే ఫ్రేముకి వెనక్కి తిప్పి, మూసిన సగం తెరిచి రెండోది మూసి రెండో వేషం తీయాలి. స్టాండు వెంట్రుకవాసి కదిలినా మధ్యలో గీత కనపడుతుంది. చెయ్యి ఆ గీత దాటితే వేళ్ళు మాయమవుతాయి. మ్యూజిక్ వీడియోకి అంత తీరిక ఉండదు. కోతలతోనే పని జరిగిపోతుంది: ఈయన చూస్తాడు, కోత, ఆవిడ మొహం తిప్పుకుంటుంది, కోత. చూపు దిశ ఒక్కటి సరిగ్గా కుదరాలి, ఈయన ఎడమకి చూస్తే ఆవిడ కుడికి చూడాలి. ఒక వేషంలో ఉన్న షాట్లన్నీ ముందు తీసేసి, మేకప్ మార్చి, రెండో వేషం షాట్లన్నీ తరవాత తీస్తారు. విందు సీను కాబట్టి ఇక్కడ కొంప ముంచేది కొవ్వొత్తులు. మేకప్ మార్చే గంటా రెండు గంటల్లో అవి కంటికి తెలిసేంత తరిగిపోతాయి. కోతకీ కోతకీ మధ్య కొవ్వొత్తి పొట్టిదీ పొడుగుదీ అవుతుంటే నటుడు ఎంత బాగా చేసినా చూపు అటే పోతుంది. కాబట్టి ఒకే పొడవు కొవ్వొత్తులు డజన్లకొద్దీ పెట్టుకుని, ప్రతి సెటప్‌కీ కొత్తవి గుచ్చాలి. గ్లాసుల్లో ద్రవం మట్టం కూడా అంతే, గ్లాసుకి వెనకవైపు చిన్న టేపు ముక్క అంటిస్తే గుర్తుంటుంది.

సీలింగు షాటు గురించి ఎక్కువ రాసుకోవాలి, ఎందుకంటే ఇలాంటిది తీయాలనుకున్న ప్రతివాళ్ళూ తేలిక అనుకుంటారు. పగిలే భాగాన్ని తేలిక బాల్సా కర్ర, పలచని ప్లాస్టరుతో చేస్తారు, లేదా జిప్సం పలకని వెనకనుంచి కత్తితో గీతలు కోసి సగం పగిలినట్టు ఉంచుతారు. గీతలు లోతు తక్కువైతే పలక ఒకే పెచ్చుగా ఊడి మనిషి నెత్తిన పడుతుంది. మరీ ఎక్కువైతే లైట్ల వేడికీ, పైన మనుషుల నడకకీ షాటుకి ముందే కుంగుతుంది. పైనుంచి పోసే దుమ్ము సిమెంటో సున్నమో కాకూడదు. ఫుల్లర్స్ ఎర్త్ అనే మెత్తటి మట్టి వాడతారు, అదీ ఊపిరితిత్తులకి మంచిదేం కాదు. టేబులు అసలు మెలిక. మనిషి పడినప్పుడు పగలాలా, నిలబడినప్పుడు మొయ్యాలా? రెండూ ఒకే టేబులుతో జరగవు. పడటం ఒక షాటు: ఫ్రేముకి కింద పరుపు, మీద స్టంట్ మనిషి. నిలబడి వాయించడం వేరే షాటు: లోపల ఇనప ఫ్రేమూ మందపాటి ప్లైవుడ్డూ ఉన్న టేబులు. రెంటినీ దుమ్ము మేఘం కలుపుతుంది, కోత ఆ మేఘంలోనే పెట్టాలి. టేబుల్ గుడ్డని రెండువైపులా అంటుకునే టేపుతో బిగించకపోతే బూటు జారుతుంది, పైన సాసు ఒలికి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అడుగు పడేచోట గాజు గ్లాసులు తీసేసి రెజిన్‌తో చేసిన ఉత్తుత్తి గ్లాసులు పెట్టాలి. ఒక టేకు పాడైతే మళ్ళీ సీలింగు, బల్ల, వంటకాలు అన్నీ సర్దాలి, అందుకే ఇలాంటి దానికి ఒక్క కెమెరాతో దిగడం దండగ.

ఇక్కడ మెచ్చుకోవాల్సింది సర్కస్ కాదు. సోలో ఎక్కడ మొదలవుతుందో అక్కడ గిటారు గదిలోకి వస్తుంది. అప్పటిదాకా పాట పైనే ఉంది, విందు కిందే ఉంది. పాట నిర్మాణమే స్క్రీన్‌ప్లే. చాలా వీడియోల్లో సోలో అంటే కథ ఆగిపోయే చోటు, ఇక్కడ కథ తిరిగే చోటు.

పది దాటాక లెక్కలు. పాట నిమిషానికి సుమారు 127 బీట్లు. ఒక బీటు 0.472 సెకన్లు, నాలుగు బీట్ల బారు 1.89 సెకన్లు. ఫిల్ము సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి బీటుకి 11.3 ఫ్రేములు, బారుకి దాదాపు 45. ఫ్రేము ముక్కలు కోయలేం, అందుకని ప్రతి కోతనీ 11 ఫ్రేములని గుడ్డిగా పెట్టుకుంటూ పోతే మూడు నాలుగు బీట్లకే కోత బీటుకంటే ఒక ఫ్రేము ముందుకి జరిగిపోతుంది, పది బార్లు వెళ్ళేసరికి అరసెకనుపైనే తేడా. బారు మొదట్లో గుర్తులు పెట్టుకుని అక్కడినుంచి కొలవాలి. కోతని బీటుకి సరిగ్గా మీద కాకుండా ఒకటి రెండు ఫ్రేములు ముందు పెడితే కంటికి దెబ్బ సరిగ్గా పడినట్టు ఉంటుంది.

పెదవుల కలయికలో ఇంకో గుంట ఉంది. 24 ఫ్రేముల ఫిల్ముని అమెరికా టీవీ పద్ధతికి మారిస్తే అది నిజానికి 23.976 వేగంతో నడుస్తుంది, అంటే వెయ్యికి ఒక వంతు నెమ్మది. 4 నిమిషాల 22 సెకన్ల పాటకి అది 0.26 సెకను, 6 ఫ్రేముల పైచిలుకు. మొదట్లో నోరు సరిగ్గా ఉండి చివరికి డబ్బింగ్ సినిమాలా అయిపోతుంది. మందు ఏమిటంటే సెట్‌లో వాయించే టేపుని 0.1 శాతం వేగంగా నడపడం. షాట్లు నాలుగైదు సెకన్లవి మాత్రమే అయితే ఇంత బాధ అక్కర్లేదు, ప్రతి కోతలోనూ మళ్ళీ సర్దుకోవచ్చు. పొడుగాటి షాటు, దగ్గరి మొహం ఉన్నప్పుడే పట్టుబడతాం.

భోజనం. బీరకాయ పచ్చడి. కాసేపు కునుకు.

మూడున్నరకి చినుకులు మొదలయ్యాక సౌండు పెట్టి గిటారు తీశాను. జనం ఈ పాటలో గుర్తుపెట్టుకునేది టేబులు మీది డిమార్టినిని. నన్ను అడిగితే పాటని ఇన్నాళ్ళు మోసింది రెండో గిటారు. సోలో రెండో సగంలో క్రాస్బీ వచ్చి కలుస్తాడు, రెండు గిటార్లూ ఒకే వరసని వేరే స్వరాల మీద పట్టుకుని ఎక్కుతాయి. వీడియోలో ఆ వెలుగంతా టేబులు మీదివాడికే పోయింది. క్రాస్బీ ఆరున్నర అడుగుల దరిదాపు ఎత్తు మనిషి, ముద్దుపేరు కింగ్. జాక్సన్ కంపెనీ కింగ్ వీ అనే గిటారుకి పేరు అక్కడినుంచే వచ్చింది. 2002 జూన్‌లో పోయాడు. అదే ఏడాది మార్చిలో బర్ల్ కూడా.

జంట గిటార్ల పని ఇంట్లో చేసుకునేవాళ్ళకి మొదటి సంగతి: మైనర్ స్కేలంటే స్వరాల లెక్కన మన నఠభైరవి. రెండో గిటారు మూడో స్వరం పట్టుకోవాలి. స మీద గ, రి మీద మ, గ మీద ప, మ మీద ధ, ప మీద ని, ధ మీద పై స, ని మీద పై రి. ఫ్రెట్లలో లెక్కేస్తే ఆ దూరాలు వరుసగా 3, 3, 4, 3, 3, 4, 4. అన్నిటికీ 3 ఫ్రెట్ల దూరమే పెట్టుకుంటే గ, ధ, ని దగ్గర అపస్వరం. రెండో స్వరాన్ని తనే కలిపే హార్మనైజర్ పెడల్‌ని స్కేలు చెప్పకుండా మైనర్ థర్డ్ (3 ఫ్రెట్లు) అని వదిలేస్తే వచ్చే ఏడుపు ఇదే. స్కేలు ఎంచుకునే పెడల్ అయితే శ్రుతి ఏదో సరిగ్గా పెట్టాలి.

రెండోది, తీగ లాగడం. కింది గిటారు రి నుంచి గ కి లాగితే ఒక ఫ్రెట్ దూరం. అదే సమయంలో పై గిటారు మ నుంచి ప కి లాగాలి, అది రెండు ఫ్రెట్ల దూరం. ఇద్దరూ ఒకే బలంతో లాగితే ఒకరు తప్పుతారు. బయల్దేరడం, చేరడం ఒకే క్షణంలో జరగాలి, మధ్యలో వేగం మాత్రం వేరు. దీన్ని మెట్రోనోమ్ సగం వేగంలో, 63 దగ్గర పెట్టి, లాగకుండా ముందు గమ్యస్వరాన్ని నేరుగా నొక్కి విని, ఆ తర్వాత లాగి అక్కడికి చేరుతున్నామా లేదా చూసుకోవాలి. వైబ్రేటో (పట్టుకున్న స్వరాన్ని ఊపడం) కూడా ముందే ఒప్పందం: ఎంత వెడల్పు, బీటుకి ఎన్ని ఊపులు. ఒకరిది వెడల్పుగా, ఇంకొకరిది సన్నగా ఉంటే రెండూ సరైన స్వరాలే అయినా విడివిడిగా వినపడతాయి.

మూడోది, చాలామంది పట్టించుకోనిది. రెండు స్వరాలనీ ఒకే డిస్టార్షన్‌లోకి, అంటే గిటారు శబ్దాన్ని కావాలని గరుకు చేసే చోటికి, పంపకూడదు. డిస్టార్షన్ రెండు స్వరాల మధ్య తేడాని కూడా కొత్త స్వరంగా పుట్టిస్తుంది. 440 హెర్ట్జ్ ఏ స్వరం, దాని పైన మేజర్ థర్డ్ (4 ఫ్రెట్ల దూరం) 554.4 హెర్ట్జ్. తేడా 114.4. కింది ఏ అయితే 110, దాని పక్క స్వరం 116.5. ఆ రెంటి మధ్య ఎటూ కాని చోట ఒక గురగుర పుడుతుంది. అదే రెండు గిటార్లూ వేరువేరు యాంపుల్లోకి వెళ్ళి గాలిలో కలిస్తే ఆ గురగుర రాదు. ఒక్క గిటారుతో హార్మనైజర్ వాడేవాళ్ళు కూడా ముందు డిస్టార్షన్, ఆ తరవాత హార్మనైజర్ వచ్చేలా పెట్టుకోవాలి.

గెయిన్ (యాంపులో ఆ గరుకుని పెంచే మీట) గురించి ఒక మాట. ఆ కాలపు రికార్డులు విని యాంపు గెయిన్ తొమ్మిదికి తిప్పేస్తారు. రికార్డులో అంత లేదు, ఒకే భాగాన్ని రెండుసార్లు వాయించి ఎడమా కుడీ పంచడం వల్ల వచ్చిన లావు అది. పదికి ఆరు చాలు, బేస్ నాలుగు, మిడిల్ ఆరు, ట్రెబుల్ ఆరు. మిడిల్ తగ్గిస్తే గదిలో ఒంటరిగా బాగుంటుంది, డ్రమ్స్ వచ్చాక గిటారు మాయం. సోలోకి డిలే (ప్రతిధ్వని ఆలస్యం) ఒక బీటు, అంటే 472 మిల్లీసెకన్లు, మిక్సు 20 శాతం మించకుండా. స్నేర్ డ్రమ్ము మీద ఆ ఎనభైల గేటెడ్ రివర్బ్ (మోగి టక్కున తెగిపోయే గుంజు) కావాలంటే గేటు పావు సెకను దగ్గర మూసుకోవాలి. తర్వాతి స్నేర్ దెబ్బ 0.94 సెకన్లకి గానీ రాదు కాబట్టి చోటు బోలెడుంది, అయినా అరసెకను తెరిచి ఉంచితే బురదే.

ఫ్లాయిడ్ రోజ్ అనే స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జి ఉన్న గిటారుకి తీగలు మార్చడం కూడా ఈ చినుకుల్లోనే అయింది. ఒక్కో తీగ చొప్పునే మార్చాలి. ఆరూ ఒకేసారి విప్పితే వెనక స్ప్రింగులు బ్రిడ్జిని లోపలికి లాగేస్తాయి. తీగ చివరి గుండు కత్తిరించి, బ్రిడ్జి మీద తీగని పట్టుకునే సాడిల్‌లోకి దూర్చి, 3 మిల్లీమీటర్ల అలెన్ కీతో బిగించాలి. మరీ బిగిస్తే సాడిల్ లోపలి దిమ్మ పగులుతుంది. ఫైన్ ట్యూనర్లు మధ్యలో ఉంచి శ్రుతి చేయాలి. ఒక తీగ బిగిస్తే మిగతా అయిదూ కాస్త దిగుతాయి, కాబట్టి చుట్టూ మూడు నాలుగుసార్లు తిరగక తప్పదు. మెడ చివర తీగల్ని పట్టే నట్ లాక్ బిగించినప్పుడు శ్రుతి కొంచెం పెరుగుతుంది, దాన్ని ఫైన్ ట్యూనర్‌తో దించాలి. సన్నటి 9 సెట్టు తీగల నుంచి లావు 10 సెట్టుకి మారితే బ్రిడ్జి ముందుకి వాలుతుంది, వెనక పలక తీసి స్ప్రింగుల కొక్కెం స్క్రూలు రెండూ సమానంగా పావు తిప్పు చొప్పున బిగించుకుంటూ రావాలి. అరచెయ్యి అంచుతో తీగలు నొక్కి వాయించేటప్పుడు బరువు బ్రిడ్జి మీద పడితే స్వరం పైకి జరుగుతుంది, రిఫ్ (పదే పదే వచ్చే గిటారు వరస) మొత్తం ఎందుకు శ్రుతి తప్పిందో తెలియక యాంపుని తిడుతుంటారు.

ఆ బ్యాండ్ల గుబురు జుట్టు సంగతి కూడా రాసేస్తే పని అయిపోతుంది. పాయలుగా విడదీసి, కొసల నుంచి కుదుళ్ళ వైపు దువ్వెన వెనక్కి నడిపి చిక్కు పెట్టి, తల కిందికి వంచి స్ప్రే కొట్టి, అదే భంగిమలో డ్రయ్యరుతో ఆరబెట్టాలి. మన కోస్తా గాలిలో తేమకి అరగంట కూడా నిలవదు. స్ప్రే ఆరకముందు దగ్గరికి నిప్పు రానివ్వకూడదు, విందు సీనులో కొవ్వొత్తులు ఉన్నాయి కదా.

2008లో 'ద రెజ్లర్' సినిమాలో మందు బారు సీనులో ఈ పాటే మోగుతుంది, 2020లో గైకో ఇన్సూరెన్స్ ప్రకటనలో ఇంటికి రాట్ బెడద (ఎలుకల బెడద అన్నట్టు) అని బ్యాండునే పెట్టి నవ్వించారు. రెండుచోట్లా చెవికి ముందు తగిలేది పల్లవే. సోలో దాకా ఎవరూ ఆగరు.

రేపు రికార్డింగు. ముందు డిమార్టిని భాగం, వైబ్రేటో తక్కువ పెట్టి. తరవాత దాన్ని హెడ్‌ఫోన్‌లో ఎడమకి వేసుకుని, క్రాస్బీ భాగం కుడికి. 100 హెర్ట్జ్ కిందున్న శబ్దాన్ని రెంటిలోనూ తీసేయాలి. రెండోదాన్ని మొహమాటపడి తగ్గించకుండా రెంటినీ ఒకే మట్టంలో ఉంచి, ఆఖర్న మోనోలో (ఎడమా కుడీ ఒకటిగా కలిపి), ఫోను స్పీకరు మీద ఒకసారి వినాలి. అక్కడ రెండో గిటారు వినపడకపోతే మట్టం పెంచే ముందు దాని మిడిల్ ఒక గీత పెంచి చూడాలి.